కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే

విద్యుజ్జనక యంత్రమును చూచినప్పుడెల్ల లోకము మైకేల్ ఫారడేను స్మరించును. తీగచుట్టలో అయస్కాంతమును ముందుకు వెనుకకు కదల్చి, కొలతముల్లు ఊగుటను విద్యార్థులకు చూపు ఉపాధ్యాయుడు మొదట చెప్పునది ఆయన పేరే. అయితే ఆ మహనీయుడు విద్యుత్తులో శాశ్వతకీర్తి గడింపకమునుపు, తన యౌవనమున అయిదారేండ్లు ఒక లోహముతో పెనుగులాడెనని ఎరిగినవారు తక్కువ. ఆ లోహము ఉక్కు. అందులోను మన దేశమునుండి పోయిన ఉక్కు. ఆంగ్లేయులు దానిని వూట్జు అనిరి. తెలుగు కన్నడములందలి ఉక్కు అను పదమే పాశ్చాత్యుల నోట అట్లు మారినదని పలువురు పండితుల అభిప్రాయము. ఆ ఉక్కులోని రహస్యమును ఫారడే యౌవనమున వెదకి పట్టలేకపోయెను. వార్ధక్యమున వేరొక లోహములో దాని జాడను కన్నులార చూచెను. ఆయన జీవితమును ఈ దారిన నడచి చూచినచో, లోహములను గూర్చి నేటి విజ్ఞానము చెప్పు ఒక ముఖ్యసత్యము మనకు తేటపడును.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను నగరము దాపున న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు ఫారడే కమ్మరి. కాచిన ఇనుమును సాగగొట్టి పొట్ట పోసికొను కుటుంబమది. తండ్రి తరచు జబ్బుపడుచుండుటచే ఇంట లేమి తప్పలేదు. చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు - బాలునికి అబ్బిన బడిచదువు ఇంతమాత్రమే. 1804లో, పదమూడవ యేట, జార్జి రీబో అను పుస్తక విక్రేతకడ చిల్లరపనులకు కుదిరెను. మరుసటి సంవత్సరము పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుటకై అక్కడనే ఏడేండ్ల ఒడంబడికపై చేరెను. అట్ట కట్టుటకు వచ్చిన పుస్తకములే ఆయనకు పాఠశాల. విజ్ఞానసర్వస్వములోని విద్యుత్తు వ్యాసమును, జేన్ మార్సెట్ రసాయనశాస్త్రముపై వ్రాసిన సంభాషణములను ఆయన అట్లే చదివెను. చదివినదానిని చదివినట్లు నమ్మక, చేతనైనంతవరకు ప్రయోగము చేసి చూచుకొనుట అప్పటినుండియే అలవాటయ్యెను.

1812లో సర్ హంఫ్రీ డేవీ రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఇచ్చిన ఉపన్యాసములను ఫారడే విని, విన్నదంతయు విపులముగా వ్రాసి, స్వహస్తములతో అట్ట కట్టి డేవీకి పంపెను. తత్ఫలితముగా 1813 మార్చి 1వ తేదీన ఆ సంస్థలో సహాయకుడుగా నియమితుడయ్యెను. వారమునకు ఇరువదియైదు షిల్లింగుల జీతము, మేడపైన రెండు గదులు - ఇదియే అప్పటి వైభవము. ఆ సంవత్సరము చివర డేవీ వెంట ఐరోపా యాత్రకు బయలుదేరి, 1815లో తిరిగి వచ్చెను. తరువాతి జీవితములో అధికభాగము ఆ ఒక్క సంస్థలోనే గడచెను.

ఇక ఉక్కు సంగతి. 1794లో బొంబాయినుండి హెలీనస్ స్కాట్ అను వైద్యుడు వూట్జు ముద్దలను రాయల్ సొసైటీ అధ్యక్షుడైన సర్ జోసఫ్ బ్యాంక్సునకు పంపెను. మరుసటి సంవత్సరము జార్జి పియర్సన్ వానిని పరీక్షించి సొసైటీకి నివేదిక సమర్పించెను. ఆ ఉక్కుతో చేసిన కత్తికి పదును చక్కగా నిలుచుట చూచి లండనులోని పనివారు ఆశ్చర్యపడిరి. వారిలో శస్త్రచికిత్స పనిముట్లు చేయుటలో పేరుపొందిన జేమ్సు స్టోడర్టు ఒకడు. 1818 ప్రాంతమున ఆయనయు ఫారడేయు కలిసి పరిశోధనకు పూనుకొనిరి. ఒకడు కత్తులు చేయు నేర్పరి, ఒకడు కమ్మరి కుమారుడు. రాయల్ ఇన్‌స్టిట్యూషను నేలమాళిగలో తిత్తుల కొలిమి వెలసెను. 1819లో ఫారడే వేల్సు ప్రాంతమున కాలినడకను పర్యటించి, డౌలైస్ ఇనుప కర్మాగారమును కూడ చూచి వచ్చెను.

నాటి రసాయనశాస్త్రము ఒక వస్తువు గుణములన్నియు అందులో చేరిన పదార్థములవలననే కలుగునని నమ్మినది. ఫారడేయు ఆ దారినే నడచెను. వూట్జును ద్రావకములలో కరిగించి విశ్లేషింపగా, అల్యూమినియమునకు చెందిన మన్ను కొంచెము కనబడెను. ఆ ఉక్కు గొప్పతనమునకు అదియే కారణమని ఆయన 1819లో ప్రకటించెను. పిమ్మట అల్యూమినియపు మన్నును ఉక్కుతో చేర్చి కరిగించి, వూట్జును పోలిన ముద్దను తయారుచేసెను. తరువాత వరుసగా వెండి, ప్లాటినము, రోడియము, నికెలు, క్రోమియము మున్నగువానిని ఉక్కుతో మేళవించి చూచెను. అయిదువందలవ వంతు వెండి చేర్చిన ఉక్కు మిక్కిలి కఠినమైనదని తేలెను. టైటానియమును కూడ చేర్పజూచిరి గాని, ఆ కొలిమి వేడికి అది లొంగలేదు. ఈ ఫలితములు 1820, 1822 సంవత్సరములలో ప్రకటితములయ్యెను. మిశ్రమ ఉక్కులపై క్రమబద్ధముగా జరిగిన తొలి పరిశోధనలలో ఇది యొకటి. కాని వూట్జు రహస్యము మాత్రము చిక్కలేదు. దాని బలమునకు ఆధారము అల్యూమినియము కాదని తరువాతివారు నిర్ణయించిరి. అందున్నది ఇనుమును, నూటికి ఒకటి రెండు పాళ్ల కర్బనమును, అల్పముగా కొన్ని మలినములును. అయిన రహస్యమెక్కడ?

దీనిని గ్రహించుటకు మన వంటింటి నేతికుండ చాలును. కాగిన నేతిని కదల్పక నెమ్మదిగా పేరుకొననిచ్చిన పూసకట్టును. అదే నేతిని చన్నీటనుంచి త్వరగా పేరుకొనజేసిన, పూస సన్నగిలి నునుపుగా నుండును. రెండింటను ఉన్నది ఒకే నేయి. మారినది పూస. లోహములును ఇట్టివే. ఇనుపకమ్మీ కంటికి ఏకముగా కనబడినను, అది కోట్లకొలది స్ఫటిక రేణువుల కూర్పు. నాట్లు వేసిన పొలమును తలచుకొనుడు. ఒక మడిలో నారు ఒక దిక్కుగా వరుసలు తీరియుండును. పక్కమడిలో వేరొక దిక్కుగా. నడుమ గట్టు. లోహములో పరమాణువులు నారుమొక్కలు, రేణువులు మళ్ళు, రేణువుల సరిహద్దులు గట్లు. లోహమును వంచినపుడు పరమాణువుల వరుసలు ఒకదానిపై నొకటి జారును. ఆ జారుడును గట్లు అడ్డగించును. కావున మళ్ళు చిన్నవై గట్లు ఎక్కువైనకొలది లోహము గట్టిపడును. లోహమును కాచినపుడు పరమాణువులకు చలనము హెచ్చి, గట్లు జరిగి, చిన్నమళ్ళు పెద్దమళ్ళలో కలిసిపోవును. అపుడు లోహము మెత్తబడును. వెలుపలినుండి రవంతయు చేర్చలేదు. గుణము మాత్రము మారినది.

ఉక్కులో కర్బనముండుటచే ఈ వ్యవహారము మరింత చిత్రమైనది. వరంగల్లు నగరములోని ఎనుమాముల మార్కెట్టుకు పత్తియు మిరపకాయలును తోలుకొనివచ్చు రైతు ఇంట కొడవలి ఉండును. కమ్మరి దానిని ఎర్రగా కాచినపుడు అందలి కర్బనము ఇనుములో లీనమగును. తటాలున నీట ముంచిన, ఆ కర్బనము వెలుపలికి రాజాలక లోపలనే చిక్కుపడి, ఉక్కు అతికఠినమగును, పెళుసును అగును. మరల కొంచెము కాచిన పెళుసుతనము తగ్గి పదును నిలుచును. నెమ్మదిగా చల్లారనిచ్చిన, కర్బనము ఇనుముతో కూడి పలుచని పొరలుగా ఏర్పడి, ఉక్కు మెత్తనగును. పాఠ్యపుస్తకములు ఈ కడపటి క్రియను మంద శీతలీకరణమనును. కొడవలికి ప్రాణము ఇనుములోనే కాదు, అది వేడిని చవిచూచిన క్రమములో నున్నది.

ఫారడే లండనులో ద్రావకములతో కుస్తీపట్టుచున్న ఆ రోజులలోనే, ఈ క్రమము తెలిసినవారు తెలంగాణములో కొలిమి ముందు కూర్చుండియుండిరి. నేటి నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలములోని కోనసముద్రము ఉక్కు తయారికి పేరువడసిన గ్రామము. అక్కడి ఉక్కును కొనుటకు పర్షియా వర్తకులు వచ్చుచుండెడివారు. మహాత్రికోణ సర్వేలో వైద్యుడుగాను భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసియుంచెను. రెండు చోట్లనుండి తెచ్చిన ఇనుములను పాళ్లు చూచి కలిపి, మట్టిమూసలో నుంచి, ఒక పగలు ఒక రాత్రి తిత్తులూది కరిగించెడివారు. చల్లారిన పిమ్మట మూసను పగులగొట్టి ముద్దను తీసెడివారు. పని అంతటితో ముగియలేదు. ఆ ముద్దకు మట్టి పూసి, పండ్రెండు మొదలు పదునారు గంటలవరకు కొలిమిలో కాచి, వెలికి తీసి ఆరనిచ్చి, మరల కాచి, ఇట్లు మూడు నాలుగు మారులు చేసినగాని అది సమ్మెటకు లొంగెడిది కాదు.

ఇందలి మర్మము నేడు మనకు తెలియును. మూసలో నెమ్మదిగా చల్లారిన ముద్దలో రేణువులు పెద్దవి. వాని గట్లవెంట ఇనుమును కర్బనమును కూడిన పెళుసైన పదార్థము వలవలె పేరుకొనును. అట్టి ముద్దపై సమ్మెట వేసిన అది గట్లవెంటనే పగులును. మరల మరల మితమైన వేడిలో ఉంచుటచే ఆ వల తెగి, పెళుసు పదార్థము విడివిడి గుండ్లుగా మారును. ముద్ద సాగుటకు వీలుపడును. ఐరోపా పనివారు తమ ఉక్కునకు వలె వూట్జునకును తీవ్రమైన వేడి పెట్టి కొట్టగా అది నుగ్గయ్యెను. లోపము ఉక్కుదని వారు తలచిరి. కోనసముద్రపు కమ్మరి రేణువును చూడలేదు, కర్బనమను పేరు వినలేదు. అయినను ఎంత వేడి, ఎంతసేపు, ఎన్నిమారులు అను లెక్క తప్పలేదు.

వాయిసీ 1824లో మరణించెను. ఆయన వ్రాత 1832లో గాని బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడలేదు. ఫారడే ఉక్కు పనిలో నున్నపుడు అది ఆయన చేతికందు అవకాశమే లేకపోయెను. స్టోడర్టు 1823లో కాలధర్మము నొందెను. మరుసటి యేటికి ఆ పరిశోధన ఆగిపోయెను. అయినను వారి శ్రమ వృథా కాలేదు. వారి ప్రయోగములచే ప్రేరితుడై పారిసు నగరమున బ్రేయాన్ అను ఆయన అదే పనికి పూనుకొని, ఉక్కుపై కనబడు అలలవంటి గీతలకు కారణము కర్బనాధిక్యమును, నెమ్మదిగా చల్లారునపుడు స్ఫటికములేర్పడుటయునని చెప్పెను.

ఫారడే 1821లో సారా బార్నార్డును వివాహమాడెను. 1825లో బెంజీనును కనుగొనెను. పిమ్మట కొన్నియేండ్లు దూరదర్శినులకై మేలైన గాజు చేయు పనిలో గడపెను. 1831 ఆగస్టు 29వ తేదీన, ఆరంగుళముల అడ్డుకొలత గల మెత్తని ఇనుప కడియమునకు ఇరువైపుల తీగలు చుట్టి, ఒక తీగలోని విద్యుత్తు రెండవ తీగలో విద్యుత్తును ప్రేరేపించుటను కనిపెట్టెను. నేటి ట్రాన్సుఫార్మరులన్నిటికిని ఆ కడియమే మూలము. 1845లో, తాను లోగడ చేసిన బరువైన గాజునే చేతపట్టి, అయస్కాంతము కాంతిపై ప్రభావము చూపునని నిరూపించెను. ఫలింపలేదని విడిచిన పనిని కూడ ఆయన మరచెడివాడు కాడు. 1832 మొదలు తన దినచర్యలోని పేరాలకు వరుస సంఖ్యలు వేయుచు వచ్చెను. ఆ సంఖ్యలు పదునారువేలు దాటినవి.

1857 ఫిబ్రవరిలో, అరువదియైదేండ్ల ప్రాయమున, ఆయన బంగారమునకును కాంతికిని గల సంబంధమును గూర్చి రాయల్ సొసైటీ యెదుట ఉపన్యసించెను. అప్పటికే జ్ఞాపకశక్తి సన్నగిలుచుండెను. బంగారు రేకును సాగగొట్టి అంగుళములో రెండులక్షల ఎనుబదిరెండువేలవ వంతు మందమునకు తెచ్చిన, దాని గుండ కాంతి ఆకుపచ్చగా ప్రసరించును. ఆ రేకును గాజుపై నంటించి, బంగారము కరుగు వేడికి ఎంతో తక్కువ వేడిలోనే కాచగా, ఆకుపచ్చ రంగు మాయమై కాంతి ఇంచుమించు వన్నె లేక దూసికొనిపోయెను. మరల నున్నని గట్టిరాతితో ఆ రేకును అదిమిన ఆకుపచ్చ తిరిగివచ్చెను. బంగారము తరుగలేదు, వేరొక పదార్థము చేరలేదు. కాచుటచేతను అదుముటచేతను లోపలి అమరిక మాత్రమే మారెను. రేకులో చదునుగా అణగియున్న బంగారము వేడికి ముడుచుకొని రేణువులుగా గుమికూడుననియు, నడుమ ఏర్పడిన సందులగుండ కాంతి పోవుననియు నేటి వివరణము. ముప్పదియైదేండ్ల క్రిందట ఉక్కులో చిక్కని సత్యమే బంగారు రేకులో ఆయన యెదుట నిలిచెను. అదే ఉపన్యాసమున ఆయన చూపిన కెంపువన్నె బంగారు ద్రవము, కంటికానని సూక్ష్మ కణములను గూర్చిన శాస్త్రమునకు నాంది యని నేడు పరిగణింపబడుచున్నది.

మరి ఆరేండ్లకు, 1863లో, షెఫీల్డు వాసియగు హెన్రీ సార్బీ ఉక్కును అద్దమువలె మెరుగుపెట్టి, ద్రావకముతో తడిపి, సూక్ష్మదర్శిని క్రింద నుంచి రేణువుల లోకమును చూడనారంభించెను. ఇరువదవ శతాబ్దిలో, రేణువు పరిమాణము తగ్గినకొలది లోహము బలమెట్లు పెరుగునో 1951లో హాలు, 1953లో పెచ్ సూత్రబద్ధము చేసిరి. ఫారడే ఒక పెట్టెలో భద్రపరచిన డెబ్బదితొమ్మిది ఉక్కు తునకలను సర్ రాబర్టు హాడ్‌ఫీల్డు పరీక్షించి, 1931లో ఒక గ్రంథము ప్రకటించెను.

యౌవనమున ఫారడే ఉక్కుతో చేర్పజూచిన టైటానియమును, ఆయన ఉక్కులో ఉన్నదని తలచిన అల్యూమినియమును ఒకదానితో నొకటి కలిపి నేటి శాస్త్రజ్ఞులు టైటానియం అల్యూమినైడను మిశ్రమలోహమును చేయుచున్నారు. విమాన యంత్రములలో వాడుకనున్న నికెలు మిశ్రమములతో పోల్చిన దీని బరువు ఇంచుమించు సగము. వేడికిని బాగుగా ఓర్చును. బోయింగు 787 విమానముల కొన్ని యంత్రములలో దీని రెక్కలు తిరుగుచున్నవి. కాని ఇది చల్లగా నున్నపుడు పెళుసు. ఆ పెళుసుతనమును మాన్పుటకు రేణువును నూరు నానోమీటర్ల లోపునకు తగ్గించి చూచుట ఒక మార్గము. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. యాబది మైక్రోమీటర్ల సామాన్య రేణువు ఒక్కటి పట్టు చోట, యాబది నానోమీటర్ల రేణువులు నూరుకోట్లు పట్టును. గట్టి గుండ్లతో కూడిన మరలో లోహపు పొడులను గంటల తరబడి నూరి ఇట్టి సన్నదనమును సాధింతురు.

చిక్కు ఆ తరువాత వచ్చును. పొడిని దిమ్మగా అతుకవలెనన్న కాచవలెను. కాచిన రేణువులు పెరుగును. గట్లు అంత ఎక్కువగా నున్నచోట అవి చెరిగిపోవుటకును అంత తొందరపడును. మరలో కకావికలైన పరమాణువులు ఆ వేడికే టైటానియమునకు ఒక వరుస, అల్యూమినియమునకు ఒక వరుసగా క్రమము దిద్దుకొనును, అదియు అవసరమే. ఇంకను హెచ్చు వేడికి, వేయిన్ని మూడువందల డిగ్రీల సెల్సియసు పైచిలుకునకు, కాచి చల్లార్చినపుడు రేణువులలో పలుచని పొరలు ఏర్పడును. ఎంత త్వరగా చల్లార్చిన పొరలంత పలుచన. కావున ఎంత వేడి, ఎంతసేపు, ఎంత వేగముగా చల్లార్చవలెను అనునవియే నేటికిని ప్రశ్నలు. 1963లో హైదరాబాదున నెలకొన్న రక్షణ లోహ పరిశోధనాలయమువంటి చోట్ల లోహశాస్త్రజ్ఞులకు నిత్యము ఎదురగు ప్రశ్నలివి. కోనసముద్రపు కమ్మరి ఎదుర్కొన్న ప్రశ్నలును ఇవియే.

భేద మొక్కటే. ఆ కమ్మరి తన సమాధానమును కొడుకు చేతికి అప్పగించెనేకాని కాగితమున వ్రాయలేదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున చౌకగా కర్మాగారపు ఉక్కు రాగా కొలుములు ఆరిపోయెను. చేతిలోని విద్య చేతితోనే పోయెను. 2010లో పరిశోధకులు ఉత్తర తెలంగాణము గ్రామగ్రామము తిరిగి చిట్టెపు గుట్టలను, పగిలిన మూసలను పరిశీలించి, ఆ విద్యను తిరిగి చదువ యత్నించిరి. వాయిసీ వ్రాసిన కొలది పుటలే లేకున్న మనకు ఇంకను తక్కువ తెలిసియుండెడిది.

ఫారడే రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని వలదనెను. సర్ బిరుదమును అంగీకరింపలేదు. బాలబాలికలకై క్రిస్మసు ఉపన్యాసములను మాత్రము పందొమ్మిది పర్యాయములు ఇచ్చెను. 1867 ఆగస్టు 25వ తేదీన హాంప్టన్ కోర్టులో తన కుర్చీలో కూర్చుండియే కన్నుమూసెను. లండనులోని హైగేటు శ్మశానమున ఆయన సమాధి ఉన్నది. ఫలించిన పనిని ఎంత శ్రద్ధతో వ్రాసియుంచెనో, ఫలింపని ఉక్కు పనిని, ఆ తునకలతో సహా, అంత శ్రద్ధతోనే ఆయన భద్రపరచెను. అందువలననే ఆయన చూడలేకపోయినదానిని తరువాతివారు చూడగలిగిరి. ప్రయోగశాలలో అనుకొన్న ఫలితము రాలేదని పుస్తకములో ఆ పుటను చింపివేయబోవు విద్యార్థి ఆ డెబ్బదితొమ్మిది తునకల పెట్టెను ఒక్కసారి తలచుకొనుట మంచిది.